విదేశీ ప్రయాణంలో డబ్బు: బెజవాడ, గుంటూరు ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

గవర్నర్‌పేటలో విదేశీ కరెన్సీ కౌంటర్ ముందు కూర్చున్నవాళ్లు ముందుగా అడిగేది "ఇవాళ డాలర్ ఎంత?" అనే. ఆ తర్వాత పది పైసల దగ్గర బేరం మొదలవుతుంది. వెయ్యి డాలర్ల మీద పది పైసలు తగ్గిస్తే మిగిలేది వంద రూపాయలు. అదే మనిషి సింగపూర్ షాపులో కార్డు గీకి, తెలియక ఒక బటన్ నొక్కి అంతకు పదింతలు పోగొట్టుకుని వస్తాడు. అందుకే ఇక్కడ రేటు గురించి తక్కువ, రేటు బయట పోయే డబ్బు గురించి ఎక్కువ రాశాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## బయల్దేరే ముందు

మొత్తం క్యాష్ తీసుకెళ్తే పోలా? ఈ కార్డుల గోల ఎందుకు?

కుదరదు. చాలా దేశాలకు ఒక్కో ప్రయాణానికి మనిషికి 3,000 డాలర్ల విలువ వరకే నోట్లు ఇస్తారు. మిగతాది కార్డులో వేసుకోవాల్సిందే. ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితి అని మీరు విన్నది ఆర్థిక సంవత్సరం మొత్తంలో ఒక మనిషి బయటికి పంపగలిగే లెక్క, చేతిలో పట్టుకెళ్లే నోట్ల లెక్క కాదు.

నా సలహా అడిగితే, దుబాయ్, సింగపూర్ లాంటి చోట్లకు ఖర్చులో నాలుగో వంతు నోట్లు చాలు. వియత్నాం, బాలి, థాయ్‌లాండ్ లాంటి చోట్ల చిన్న కొట్లు, టాక్సీలు, సంతలు ఎక్కువ కాబట్టి సగం దాకా నోట్లు ఉండొచ్చు. అన్నీ ఒకే పర్సులో పెట్టకండి. భార్యాభర్తలు వెళ్తుంటే ఇద్దరి బ్యాగుల్లో సగం సగం.

ఫారెక్స్ కార్డా, మామూలు డెబిట్ కార్డా, క్రెడిట్ కార్డా?

ఫారెక్స్ కార్డంటే ముందే డాలర్లు, దిర్హమ్‌లు వేసి ఉంచుకునే కార్డు. వేసిన రోజు రేటే ఖాయం. తర్వాత రూపాయి పడినా మీకు బాధ లేదు. కార్డులో వేసిన కరెన్సీ ఒకటి, అక్కడ ఖర్చు పెట్టేది ఇంకొకటి అయితే మాత్రం మార్పిడి చార్జీ పడుతుంది. డాలర్లు వేసుకుని బ్యాంకాక్‌లో బాట్లలో గీకితే ఆ కార్డు తీసుకున్న లాభం సగం పోయినట్టే. ఏ దేశం వెళ్తున్నారో ఆ కరెన్సీ ఆ కార్డులో ఉందో లేదో ముందు అడగండి.

మామూలు డెబిట్, క్రెడిట్ కార్డుల మీద బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం దాకా మార్కప్, అంటే రేటు మీద అదనపు చార్జీ, వేస్తాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 3.5 శాతం కార్డు మీకు నిజానికి 4.13 శాతం పడుతుంది. లక్ష రూపాయల ఖర్చుకు 4,130. మార్కప్ లేని కార్డులు కూడా ఇప్పుడు కొన్ని ఉన్నాయి. మీ బ్యాంకు యాప్‌లో చార్జీల పట్టిక ఒకసారి తెరిచి చూడండి.

క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయడం మాత్రం వద్దు. ఫీజుతో పాటు తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

వారం రోజుల ప్రయాణానికి నేను చెప్పేది ఒక ఫారెక్స్ కార్డు, హోటల్ డిపాజిట్‌కు ఒక క్రెడిట్ కార్డు, కొంచెం క్యాష్. ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి ఆదుకోవాలి.

గూగుల్‌లో చూపించే రేటు ఒకటి, కౌంటర్‌లో చెప్పేది ఇంకొకటి. ఎందుకండీ?

గూగుల్‌లో కనిపించేది బ్యాంకులు తమలో తాము కొనుక్కునే, అమ్ముకునే ధరలకు మధ్య అంకె. ఆ ధరకు మీకూ నాకూ ఎవరూ అమ్మరు. కౌంటర్‌లో అమ్మే రేటు దానికంటే పైన, మీ దగ్గర కొనే రేటు దానికంటే కింద ఉంటుంది. నోట్ల రేటు కంటే కార్డులో వేసే రేటు సాధారణంగా కాస్త తక్కువ. నోట్లను తెప్పించి, భద్రపరిచే ఖర్చు కార్డుకు ఉండదు కదా.

పైగా జీఎస్టీ. అది మీరు ఇచ్చే మొత్తం మీద కాదు, అందులో చిన్న భాగం మీద. 25,000 రూపాయల దాకా 45 రూపాయలు, లక్షకు 180. ఎవరైనా "జీఎస్టీ 18 శాతం" అని పెద్ద అంకె చూపిస్తే లేచి వచ్చేయండి.

రేటు ఎంత అని అడిగే బదులు, "వెయ్యి డాలర్లు నా చేతికి రావాలంటే అన్నీ కలిపి ఎన్ని రూపాయలు ఇవ్వాలి?" అని రెండు మూడు చోట్ల అడగండి. బందరు రోడ్డులో ఒక చోట, అరండల్‌పేటలో ఒక చోట ఫోన్ చేస్తే అయిదు నిమిషాల పని. బీసెంట్ రోడ్డులో చీరకు చేసినట్టే ఇక్కడా బేరం చేయొచ్చు. వెయ్యి డాలర్లు దాటితే కొంత తగ్గిస్తారు కూడా.

మిర్చి అమ్మిన డబ్బు క్యాష్‌గా ఉంది. దాంతోనే డాలర్లు కొనొచ్చా?

50,000 రూపాయల దాకా కొనొచ్చు. ఆపైన చెక్కు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ లేదా కార్డు. గుంటూరు యార్డు సీజన్‌లో ఈ ప్రశ్న ఎక్కువ వస్తుంది. రబ్బరు బ్యాండు వేసిన కట్టలు సంచిలో నుంచి తీసి కౌంటర్ మీద పెట్టి, "లెక్క పెట్టుకోండి" అంటారు. తిప్పి పంపాల్సి వస్తుంది. డబ్బు ముందు మీ ఖాతాలో వేసి, మీ ఖాతా నుంచే పంపండి. బావమరిది ఖాతా నుంచి పంపితే కూడా కౌంటర్‌లో ఒప్పుకోరు.

పక్కింటి అబ్బాయి అమెరికా నుంచి వచ్చాడు. అతని దగ్గర డాలర్లు కొనుక్కుంటే రెండు రూపాయలు కలిసొస్తుంది కదా?

కలిసొస్తుంది, కానీ చట్టప్రకారం తప్పు. రిజర్వ్ బ్యాంకు లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గర తప్ప విదేశీ కరెన్సీ కొనకూడదు, అమ్మకూడదు. బిల్లు ఉండదు కాబట్టి కస్టమ్స్ వాళ్లు "ఇది ఎక్కడిది?" అంటే చూపించడానికీ ఏమీ ఉండదు. అమెరికాలో స్థిరపడిన మీ అబ్బాయి వచ్చినప్పుడు చేతిఖర్చుకని కొన్ని డాలర్లు ఇచ్చి వెళ్లడం వేరే సంగతి. అలా కానుకగా వచ్చిన నోట్లు 2,000 డాలర్ల దాకా ఉంచుకోవచ్చు.

ఏం కాగితాలు తేవాలి? ఎన్నాళ్ల ముందు కొనాలి?

పాస్‌పోర్టు, పాన్, టికెట్, వీసా అవసరమైన దేశమైతే వీసా. కౌంటర్‌లో ఒక ఫారం మీద సంతకం. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి కొనొచ్చు. చివరి రోజుకు పెట్టుకోకండి. దిర్హమ్‌లు, సింగపూర్ డాలర్లు ఎప్పుడూ దొరుకుతాయి గానీ వియత్నాం డాంగ్, జపాన్ యెన్ లాంటివి హైదరాబాద్ నుంచి తెప్పించాల్సి రావచ్చు.

టీసీఎస్ అని 20 శాతం పట్టుకుంటారట. నిజమేనా?

అందరికీ కాదు. టీసీఎస్ అంటే డబ్బు కట్టేటప్పుడే ముందుగా పట్టుకుని మీ పాన్ మీద జమ చేసే ఆదాయపు పన్ను. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద 10 లక్షల రూపాయల దాకా కొన్న కరెన్సీకి, కార్డులో వేసిన దానికి టీసీఎస్ లేదు. 10 లక్షలు దాటిన భాగం మీదే 20 శాతం. మామూలు కుటుంబ ప్రయాణం ఆ హద్దు దాకా వెళ్లదు. మీరు పిల్లల ఖర్చులకు బయటికి పంపిన డబ్బూ అదే 10 లక్షల లెక్కలోకి వస్తుందని మాత్రం మరిచిపోకండి.

విమానం, హోటల్ అన్నీ కలిపి ఏజెంటు అమ్మే టూర్ ప్యాకేజీకి లెక్క వేరు. దానికి మొదటి రూపాయి నుంచే టీసీఎస్ ఉంటుంది, బడ్జెట్లలో ఆ శాతం మారుతూ వచ్చింది. అడ్వాన్స్ ఇచ్చే ముందే "మీరు చెప్పిన ధరలో టీసీఎస్ కలిసిందా, విడిగానా?" అని అడగండి. ప్యాకేజీ చవకగా కనిపించి, చివర్లో పెరిగేది ఇక్కడే.

ఇది పోయే డబ్బు కాదు. మీ పాన్ మీద ఆదాయపు పన్ను శాఖ రికార్డులో కనిపిస్తుంది. రిటర్న్ వేసేటప్పుడు పన్నులో తగ్గించుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. రిటర్నే వేయని పెద్దవాళ్ల పాన్ మీద ప్యాకేజీ బుక్ చేస్తే ఆ డబ్బు రావడానికి వాళ్లూ రిటర్న్ వేయాలి. ఎవరి పేరున బుక్ చేస్తున్నారో చూసుకోండి.

డాలర్ నోట్లు ఎలాంటివి తీసుకోవాలి?

మడత పడని, గీత లేని, కొత్త రకం నోట్లు. మన దగ్గర బ్యాంకు క్యాషియర్ పెన్నుతో అంకె వేసినా నోటు చెల్లుతుంది. బాలిలోనో కంబోడియాలోనో చిన్న సిరా మచ్చ ఉన్నా పక్కకు నెట్టేస్తారు, లేదా రేటు తగ్గిస్తారు. కౌంటర్ దగ్గరే ఒక్కొక్క నోటు వెలుతురుకి తిప్పి చూడండి, బాగా లేనిది మార్చమనండి. మొహమాటం వద్దు. అక్కడ మార్చుకోవడానికైతే వంద డాలర్ల నోట్లకు మంచి రేటు వస్తుంది. అమెరికాలో ఖర్చుకైతే ఇరవైలు, పదులు, అయిదులు, కొన్ని ఒక డాలర్ నోట్లు అడగండి.

నా దగ్గర రూపే కార్డు ఉంది. అక్కడ పనిచేస్తుందా?

కార్డు మీద రూపే ఒక్కటే ఉండి, అది మామూలు దేశీయ కార్డైతే పనిచేయదు. రూపేలోనే అంతర్జాతీయ రకం కార్డులున్నాయి. వాటి మీద డిస్కవర్ లేదా జేసీబీ గుర్తు కూడా ఉంటుంది.

ఏ డెబిట్, క్రెడిట్ కార్డైనా సరే, విదేశీ వాడకం మొదట ఆపేసి ఉంటుంది. 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నియమం అది. యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి షాపు, ఏటీఎం, ఆన్‌లైన్ మూడింటికీ విడివిడిగా అనుమతి ఇవ్వాలి, పరిమితి పెట్టాలి. గన్నవరంలో విమానం ఎక్కేలోగా ఈ పని అయిపోవాలి.

ఓటీపీలు అక్కడికి వస్తాయా?

బ్యాంకుకు ఇచ్చిన నంబరు రోమింగ్‌లో ఉంటేనే వస్తాయి. అక్కడి సిమ్ వేసుకుని మన సిమ్ తీసి డబ్బాలో పెడితే బ్యాంకు యాప్ కూడా లాగిన్ అవ్వనివ్వదు. రెండు సిమ్‌ల ఫోను తీసుకెళ్లండి, మన సిమ్‌కు రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించి, డేటా మాత్రం ఆపేయండి.

## దారిలో, దిగగానే

శంషాబాద్‌లో విమానం ఎక్కే ముందు మార్చుకుంటే పోలా?

అత్యవసరమైతే తప్ప వద్దు. ఎయిర్‌పోర్టు కౌంటర్లలో రేటుకూ మీ ఊళ్లో రేటుకూ తేడా డాలర్‌కు రూపాయల్లో ఉంటుంది. దిగిన దేశంలోని ఎయిర్‌పోర్టులో కూడా టాక్సీకి, సిమ్‌కు సరిపడా మాత్రమే మార్చుకుని, మిగతాది ఊళ్లోకి వెళ్లాక మార్చుకోండి.

మన రూపాయలు ఎంత దాకా తీసుకెళ్లొచ్చు?

మనిషికి 25,000. తిరిగొచ్చాక ఇంటికి చేరడానికి కొన్ని కావాలి కాబట్టి అయిదారు వేలు ఉంచుకోండి. సింగపూర్ లిటిల్ ఇండియాలో ముస్తఫా అనే పెద్ద దుకాణం చుట్టుపక్కల రూపాయలు మారుస్తారు, దుబాయ్‌లోనూ మారుస్తారు, చాలా చోట్ల మార్చరు.

నేపాల్, భూటాన్ లెక్క వేరు. ఆ రెండు దేశాల ప్రయాణానికి విదేశీ కరెన్సీ ఇవ్వరు, ఫారెక్స్ కార్డూ పనిచేయదు. మన నోట్లతోనే వెళ్లాలి. నేపాల్‌లో పెద్ద నోట్లు చాలాకాలం నిషేధంలో ఉన్నాయి, షాపువాళ్లు ఇప్పటికీ వెనకాడతారు. వంద నోట్ల కట్టలు పెట్టుకుంటే పేచీ ఉండదు. పశుపతినాథ్ వెళ్లే పెద్దవాళ్ల బృందాలకు ఇది ముందే చెప్పండి.

అమెరికాలో దిగాక చేతిలో డబ్బు ఎంతుందో చెప్పాలా?

కుటుంబం మొత్తానికి కలిపి 10,000 డాలర్లు దాటితే రాసి ఇవ్వాలి. ఇక్కడే పొరపడతారు. నలుగురు మూడేసి వేలు తీసుకుంటే ఒక్కొక్కరిదీ పరిమితిలోనే ఉంటుంది, కలిపితే 12,000. డిక్లేర్ చేస్తే పన్నేమీ పడదు, ఫారం నింపడమే. చెప్పకుండా దొరికితే డబ్బే పట్టుకుంటారు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఈ హద్దు మనిషికి 10,000 యూరోలు.

## అక్కడ తిరిగేటప్పుడు

కార్డు గీకితే రూపాయల్లోనా, వాళ్ల కరెన్సీలోనా అని అడుగుతోంది. ఏది నొక్కాలి?

వాళ్ల కరెన్సీ. ఎప్పుడైనా, ఎక్కడైనా అదే.

మన అలవాటుకు రూపాయలు నొక్కబుద్ధవుతుంది. తెర మీద మన లెక్కలో అంకె కనిపిస్తే భరోసాగా ఉంటుంది. కానీ ఆ రేటు మీ బ్యాంకుది కాదు, షాపు వెనకున్న కంపెనీది. వందకు నాలుగైదు రూపాయలు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ కలిపేస్తారు. రూపాయల్లో కట్టినా చాలా బ్యాంకులు విదేశీ లావాదేవీ అని విడిగా ఇంకొంత వేస్తాయి కూడా. ఒకే కొనుగోలుకు రెండు దెబ్బలు.

కొన్నిచోట్ల షాపువాడే మిమ్మల్ని అడక్కుండా రూపాయలు నొక్కేస్తాడు. సంతకానికి ముందు, పిన్ కొట్టే ముందు తెర చూడండి. రూపాయల అంకె కనిపిస్తే రద్దు చేసి మళ్లీ గీకమనండి. ఏటీఎంలో ఈ ప్రశ్న ఇంకా తికమకగా వస్తుంది: "మార్పిడి రేటుకు ఒప్పుకుంటారా?" అని. ఒప్పుకోను అనే నొక్కండి. డబ్బు రాదేమోనని భయపడకండి, డబ్బు వస్తుంది, రేటు మాత్రం మీ కార్డు కంపెనీది పడుతుంది.

ఏటీఎంలో రోజూ కొంచెం కొంచెం తీసుకుంటే మంచిది కదా?

భద్రతకు మంచిదే, ఖర్చుకు కాదు. థాయ్‌లాండ్‌లో మన కార్డుతో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు 220 బాట్లో, అంతకంటే ఎక్కువో పట్టుకుంటుంది. మీ కార్డు ఫీజు దానికి అదనం. రెండు వేల బాట్లు తీసినా అంతే, పది వేలు తీసినా అంతే. రెండు మూడు రోజులకు సరిపడా ఒకేసారి తీయండి. జపాన్‌లో సెవెన్ ఇలెవెన్ కొట్లలోని ఏటీఎంలు మన కార్డులు బాగా తీసుకుంటాయి.

ఫోన్‌పే, గూగుల్ పే అక్కడ పనిచేస్తాయా?

కొన్ని దేశాల్లో, కొన్ని షాపుల్లో. భూటాన్‌లో 2021 నుంచి, శ్రీలంక, మారిషస్‌లలో 2024 ఫిబ్రవరి నుంచి యూపీఐ ఉంది. నేపాల్, యూఏఈ, సింగపూర్‌లలో కొన్ని చోట్ల, పారిస్‌లో ఐఫిల్ టవర్ టికెట్లకు పనిచేస్తుంది. యాప్‌లో "యూపీఐ ఇంటర్నేషనల్" ముందు ఆన్ చేయాలి. అది కొంతకాలానికి దానంతటదే ఆగిపోతుంది.

బ్యాంకాక్ తోపుడు బండి మీద క్యూఆర్ కనిపించగానే ఫోన్ తీయకండి, అది వాళ్ల దేశపు ప్రాంప్ట్‌పే. యూపీఐ మీద ఆధారపడి ప్రయాణం ప్లాన్ చేసుకోవద్దు. పనిచేస్తే అదృష్టం.

దుబాయ్‌కి డాలర్లా, దిర్హమ్‌లా?

దిర్హమ్‌లే. డాలర్‌కు 3.6725 దిర్హమ్‌లు అని అక్కడ రేటు కట్టేసి ఉంటుంది కాబట్టి డాలర్లు పట్టుకెళ్తే లాభమని కొందరు అంటారు. రూపాయి నుంచి డాలర్‌కు ఒకసారి, డాలర్ నుంచి దిర్హమ్‌కు ఇంకోసారి, రెండుసార్లు తరుగు పోతుంది.

వియత్నాం నోట్ల మీద ఇన్ని సున్నాలేమిటి?

ముఖ్యంగా రెండు నోట్లు జాగ్రత్త: 20,000 డాంగ్, 5,00,000 డాంగ్ రెండూ నీలి రంగులోనే ఉంటాయి. రాత్రిపూట టాక్సీలో ఒకదానికి బదులు ఇంకొకటి ఇచ్చేస్తే ఇరవై అయిదు రెట్లు ఇచ్చినట్టు. పెద్ద నోట్లు వేరే అరలో పెట్టుకోండి.

మెట్రోకి, బస్సుకి అక్కడి కార్డు కొనాలా?

సింగపూర్, లండన్‌లలో ట్యాప్ చేసే వీసా, మాస్టర్‌కార్డు ఉంటే గేటు దగ్గర అదే ఆనించి వెళ్లిపోవచ్చు. సింగపూర్‌లో విదేశీ కార్డుకు వాడిన రోజుకు 60 సెంట్లు అదనం. మనిషికో కార్డు కావాలి, ఒక కార్డుతో నలుగురు వెళ్లలేరు.

హోటల్‌లో డిపాజిట్ అని డబ్బు పట్టుకున్నారు. ఎప్పుడొస్తుంది?

అది ఖర్చు కాదు, కొంత మొత్తాన్ని ఆపి ఉంచడం. గది ఖాళీ చేశాక వదిలేస్తారు, మీ ఖాతాలో కనిపించడానికి మాత్రం కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఫారెక్స్ కార్డు ఇస్తే ఖర్చుకు ఉంచుకున్న డబ్బే ఇరుక్కుపోతుంది. అద్దె కారు, హోటల్ రెండింటికీ క్రెడిట్ కార్డే ఇవ్వండి.

అమ్మాయి డెలివరీకి అమెరికా వెళ్తున్నాం. అన్నీ అల్లుడే చూసుకుంటాడు, మాకు డబ్బెందుకు?

దారిలో ఎవరూ చూసుకోరు కాబట్టి. మధ్యలో విమానం మారే చోట ఆకలేస్తుంది, ఒక్కోసారి రాత్రి ఉండిపోవాల్సి వస్తుంది. అమెరికాలో కొన్ని ఎయిర్‌పోర్టుల్లో ట్రాలీకి కూడా డబ్బు కట్టాలి. ఆవకాయ, కారం, పిండివంటలతో నిండిన నాలుగు పెట్టెలు చేత్తో లాగలేరు. నోట్లుగా రెండు మూడు వందల డాలర్లు, ఇద్దరి పేరునా చెరో ఫారెక్స్ కార్డు చాలు.

కొందరు పెద్దవాళ్ల చేత కార్డు పిన్ ఇంటి దగ్గరే ఒకసారి ఏటీఎంలో కొట్టించి అలవాటు చేద్దామనుకుంటారు. ఫారెక్స్ కార్డు మన దేశంలో పనిచేయదు. పిన్ నోటికి వచ్చేలా చెప్పించుకోండి, కార్డు కవరు మీద మాత్రం రాయకండి. అక్కడ షాపుల్లో రాసి ఉన్న ధర మీద బిల్లులో అమ్మకపు పన్ను కలుస్తుందని, హోటల్లో బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్ మామూలేనని ముందే తెలిస్తే, "ఎక్కువేసాడే" అని అల్లుడి ముందు గొణగాల్సిన పని ఉండదు.

అన్ని దేశాల్లోనూ టిప్ ఇవ్వాలా?

లేదు. జపాన్‌లో ఇవ్వరు. సింగపూర్ హోటళ్లలో బిల్లులోనే 10 శాతం సర్వీస్ చార్జి ఉంటుంది.

## తేడా వస్తే

కార్డు పోయింది. ఏం చేయాలి?

ముందు యాప్‌లో బ్లాక్ చేయండి, తర్వాత ఫోన్. కార్డు వెనక ఉన్న 1800 నంబరు విదేశాల నుంచి కలవదు. +91తో మొదలయ్యే నంబరు ఇంటి దగ్గరే కాగితం మీద రాసి, పాస్‌పోర్టు నకలుతో పాటు పెట్టెలో పడేయండి. కార్డు నంబర్లో చివరి నాలుగు అంకెలు కూడా రాయండి. ఫారెక్స్ కార్డుతో పాటు అదనంగా రెండో కార్డు ఇస్తే, దాన్ని మొదటి దానితో కలిపి ఒకే పర్సులో పెట్టడం దండగ.

డబ్బంతా పోయింది. ఇంటి దగ్గర నుంచి మనీ ట్రాన్స్‌ఫర్ షాపులో పంపించుకోవచ్చా?

మన వీధుల్లో కనిపించే మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటర్లు బయటి నుంచి వచ్చే డబ్బు ఇవ్వడానికే. ఇక్కడి నుంచి పంపాలంటే బ్యాంకు ద్వారా పాన్‌తో, ఫారంతో వెళ్లాలి, సమయం పడుతుంది. ఫారెక్స్ కార్డు మిగిలి ఉంటే దాన్ని ఇక్కడి నుంచి నింపించడం త్వరగా అవుతుంది. అందుకే కార్డు తీసుకునే రోజే "మా అబ్బాయి వచ్చి నింపొచ్చా, ఏం సంతకం కావాలి?" అని అడిగి, ఆ కాగితం ఇంట్లో ఉంచి వెళ్లండి.

నేను కొననిదానికి డబ్బు కట్ అయ్యింది.

మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెప్పండి. మీ తప్పు లేకుండా బయటివాళ్లు చేసిన మోసమైతే ఆ గడువులో చెప్పినవాళ్లకు నష్టం ఉండదని 2017 నాటి రిజర్వ్ బ్యాంకు ఉత్తర్వు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత మీ మీద పడుతుంది. చాలా విదేశీ వెబ్‌సైట్లు ఓటీపీ అడగవు, అందుకని కార్డు వివరాలు ఎక్కడపడితే అక్కడ ఇవ్వకండి. ఫిర్యాదు ఇచ్చాక నంబరు తీసుకోవడం ముఖ్యం.

## తిరుగు ప్రయాణంలో, ఇంటికొచ్చాక

షాపింగ్‌లో కట్టిన పన్ను వెనక్కిస్తారట?

కొన్ని దేశాల్లో ఇస్తారు. సింగపూర్‌లో 100 సింగపూర్ డాలర్లు, యూఏఈలో 250 దిర్హమ్‌లు, థాయ్‌లాండ్‌లో ఒక షాపులో ఒకే రోజు 2,000 బాట్లు కనీసం కొనాలి. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించి, పన్ను వాపసు కావాలని చెప్పాలి. ఎయిర్‌పోర్టులో సామాను చూపించమంటారు, కాబట్టి పెట్టెలు చెక్-ఇన్ చేయకముందే ఆ కౌంటర్‌కు వెళ్లండి. పెట్టె బెల్టు మీద వెళ్లిపోయాక బతిమాలినా లాభం లేదు.

డబ్బు మిగిలింది. ఇంట్లో దాచుకోవచ్చా?

2,000 డాలర్ల విలువ దాకా ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. ఆపైనది వచ్చిన 180 రోజుల్లోపు అమ్మేయాలి. కొన్నప్పటి బిల్లు తెస్తే పని తేలిక. నాణేలు ఎన్నైనా ఉంచుకోవచ్చు, ఎవరూ కొనరు. వాటిని అక్కడే ఎయిర్‌పోర్టులో నీళ్లసీసాకు ఖర్చు చేసేయండి.

బయటి నుంచి తెచ్చేటప్పుడు నోట్లే 5,000 డాలర్లు దాటినా, అన్నీ కలిపి 10,000 దాటినా ఇక్కడ కస్టమ్స్‌లో రాసి ఇవ్వాలి.

ఫారెక్స్ కార్డులో మిగిలిన దాన్ని ఏం చేయాలి?

ఏడాదిలో మళ్లీ వెళ్తారనుకుంటే ఉంచండి, లేదంటే వెనక్కి తీసుకోండి. చాలాకాలం వాడకపోతే కొన్ని కార్డుల మీద నెలనెలా చార్జీ పడుతుంది. వెనక్కి తీసుకునేటప్పుడు కొనే రేటు వేస్తారు కాబట్టి కొంత తరుగు తప్పదు. హోటల్ డిపాజిట్ ఏదైనా ఆ కార్డు మీద ఆగి ఉంటే అది తిరిగి పడ్డాకే మూయించండి. ఆ తర్వాత మిగతా కార్డులన్నిటి మీద విదేశీ వాడకం యాప్‌లో ఆపేయండి.